వంద తగ్గనివ్వని కైలాసం

సిరిసిల్లలో మరమగ్గాలను సాంచాలంటారు. కైలాసం పనిచేసే కార్ఖానాలో ఎనిమిది సాంచాలు అతని పాలివి. అవి ఒక్కసారి మోత అందుకున్నాయంటే ఎదుటివాడి నోరు కదలడం కనబడుతుందే తప్ప మాట వినబడదు. ముప్పై ఏళ్లు ఆ మోతలోనే గడిపిన మనిషికి యాభై ఆరో ఏట చెవులు సగం పోయాయి. అందుకే ఫోను వస్తే అతను వినడు, చూస్తాడు. స్విచ్చుబోర్డు పక్కన, నూలు చుట్టిన కోన్ల బస్తాలకు పైన, స్తంభానికి కొట్టిన చెక్క మీద ఫోను నిలబెట్టి, ఏ సాంచా దగ్గర పోగు అతుకుతున్నా ఓరకంట అటే చూస్తుంటాడు. తెర వెలిగిందంటే అది ఇంటి నుంచే.

ఇంట్లో భార్య ఐలవ్వకు మూర్ఛ రోగం. నెలకో రెండు నెలలకో వస్తుంది. వచ్చే ముందు ఎడమచేతి వేళ్లు తిమ్మిరెక్కుతాయి, నోట్లో ఇనుము నాకినట్టవుతుంది. అప్పటి నుంచి పడిపోయేదాకా రెండు మూడు నిమిషాలు. ఆ కాస్త సమయంలోనే ఆమె ఫోను చేయాలి, అతను రెండు సందులు దాటి ఇంటికి చేరాలి.

రెండేళ్ల కిందట ఒక మధ్యాహ్నం ఫోను ఇంకా పదిహేను శాతం చార్జింగు చూపిస్తూనే ఆరిపోయింది. అతను గమనించలేదు. ఐలవ్వ నాలుగుసార్లు చేసిందట. అన్నానికి ఇంటికి పోయేసరికి గడప మీద బోర్లా పడి ఉంది. నుదురు చిట్లి ఎనిమిది కుట్లు పడ్డాయి.

ఆ రోజు నుంచి ఫోనులో వంద కాక మరో అంకె కనబడితే కైలాసం వెంటనే తీగ గుచ్చేవాడు. కార్ఖానాలో ఉన్నంతసేపూ చార్జింగు. ఇంట్లో చార్జింగు. పడుకుంటే తలాపున చార్జింగు. దూది నుసి పడకుండా తెర ఒక్కటి వదిలి మిగతాదంతా తువ్వాలతో చుట్టేవాడు. రేకుల కింది ఎండకు అది పెనంలా కాలేది. వేడిగా ఉందంటే ప్రాణంతో ఉందనుకునేవాడు.

పోనుపోను చార్జింగు తీసిన అరగంటకే అంకె సగానికి పడిపోవడం మొదలుపెట్టింది. అతను తీయడమే మానేశాడు. ఆ తర్వాత ఫోను వెనక మూత లేచింది. దాన్ని నూలు పోగుతో నాలుగు చుట్లు బిగించి కట్టాడు.

చాయ్ కోసం సాంచాలు ఆపినప్పుడు అంతయ్య దాన్ని చూశాడు. పక్క వరుస సాంచాలు నడిపేది అతనే.

“బావా, నీ ఫోన్‌కు నెల తప్పినట్టున్నది గదనే! ఎన్నో నెల?”

“నవ్వకురా. లోపలికి జర దూది వొయ్యింది, గంతే.”

“దూది గాదు నీ తలకాయ గాదు. మా వాడకట్టుల ఒకనికి గిట్లనే ఉబ్బి జేబుల్నే అంటుకున్నది. నువ్వేమో కోన్ల బస్తాల మీద వెట్టినవ్. మమ్ముల గిట్ల కాలవెడ్తవా ఏంది?”

ఆ మాట కైలాసం గుండెలో దిగబడింది. సాయంత్రం ఫోన్లు బాగుచేసే రోజారాణి దుకాణానికి పోయాడు. ఆమె దారం విప్పి ఒక్క చూపు చూసి చెయ్యి వెనక్కి తీసుకుంది.

“కాకా, దీనికి ఇంక చార్జింగ్ పెట్టకు. రాత్రీ పగలూ వందలనే ఉంచినవా? వేడిల అట్ల ఉంచితె బ్యాటరీ లోపల్లోపల్నే ఖరాబైతది. ఎనభై కాంగనే తియ్యాలె, ఇరవైకి వచ్చినంక పెట్టాలె.”

“ఇరవై దాంకనా!” అన్నాడు కైలాసం.

“కొత్త బ్యాటరీ కరీంనగర్ కెల్లి రేపు పొద్దుగూకినంక వస్తది. ఫోన్ ఈడ్నే ఉంచు. అందాక గీ బటన్ల ఫోన్ల నీ సిమ్మేసి ఇస్త.”

కైలాసం ఆ చిన్న ఫోనును చేతిలో తిప్పి చూశాడు. “మిణుగురు పురుగంత లైటు. ఎనిమిదో సాంచ కాడికి నాకు కానస్తదా బిడ్డా? రేపే తెస్త తియ్.”

“చార్జింగ్ పెట్టనని ఒట్టెయ్.”

“ఒట్టు.”

రాత్రంతా ఫోను ఆపి ఉంచి, మర్నాడు కార్ఖానాకు వచ్చాకే తెరిచాడు. పది గంటలకు అంకె పందొమ్మిది. అతని కంటికి పదిహేనే కనబడుతోంది. ఆ గడప, ఆ రక్తం. ఐదు నిమిషాలకు ఏమవుతుందిలే అని తీగ గుచ్చాడు.

మూడో సాంచా మీద పోగు తెగింది. వంగి ముడివేసి తలెత్తేసరికి తెర వెలుగుతోంది. ఐలవ్వ. ఆ వెలుగు వెనక నుంచి సన్నగా తెల్లటి పొగ లేస్తోంది.

ఎత్తి మాట్లాడాలా, విసిరెయ్యాలా? కింద నూలు కోన్ల బస్తాలు. లోపల పదిమంది. తీగ పీకి ఫోనును గుప్పిట పట్టాడు. అరచెయ్యి చుర్రుమంది. తెర మీద ఇంకా ఆమె పేరే ఉంది. అలాగే వాకిట్లోకి విసిరాడు. రాళ్ల మీద పడి బుస్సుమని మంటలేచింది.

అంతయ్య పరుగున పోయి కరెంటు తీశాడు. సాంచాలన్నీ ఒక్కసారి ఆగాయి. ఆ నిశ్శబ్దంలో చెప్పుల్లేకుండా కైలాసం పరుగెత్తాడు. రెండు సందులు ఎన్నడూ అంత పొడవు లేవు. ఎత్తలేదు, ఆమె చేస్తే ఎత్తలేదు. మలుపు తిరిగితే మళ్లీ ఆ గడపే కనబడుతుందని కళ్లు మూసుకుని తిరిగాడు.

గడప మీద ఎవరూ లేరు. లోపల చాప మీద ఐలవ్వ పక్కకు ఒత్తిగిల్లి ఉంది. తల కింద బట్టల మూట. పొరుగింటి బాలవ్వ ఆమె మూతి తుడుస్తోంది. ఈ రెండేళ్లలో అతను ఉరికొచ్చిన ప్రతిసారీ బాలవ్వ అక్కడ ఉంది. ఐలవ్వ పడిన చప్పుడు విని వచ్చేదనుకునేవాడు.

“వచ్చి వొయ్యింది తమ్మీ. పానం మంచిగనే ఉన్నది.”

“నేను ఫోనే ఎత్తలే. నీకెట్ల ఎరుకైంది వదినా?”

“నీ ఫోన్‌తోని నాకేం పని? వేళ్లు జుమ్మనంగనే ఐలవ్వ గోడ గొడ్తది. నుదురు వగిలిన కాడికెల్లి గంతేనాయె. నేనొచ్చి పండవెట్టినంక నీకు చేస్తది.”

ఐలవ్వ కళ్లు తెరిచింది. అతను ఆమె దగ్గరగా కూలబడ్డాడు.

“నాకెందుకు చెప్పలేవే?”

“నీ ఫోన్ మీద నమ్మకం లేదని చెప్పాలెనా?” మాట ఇంకా ముద్దముద్దగా ఉంది. “చెప్తే సాంచల మీద నీ చెయ్యి నిలుస్తదా?”

ఇప్పుడు కొత్త ఫోను ఉంది. ఎనభైకి తీస్తాడు. నలభైకి, ముప్పైకి దిగుతుంటే పోగు అతుకుతూ మాటిమాటికీ అటే చూస్తాడు. అయినా రోజారాణి చెప్పినట్టే ఉంచుతాడు. పొద్దున్నే పనికి బయల్దేరుతూ మాత్రం పక్కింటి ముందు ఆగి, “వదినా, ఇయ్యాల ఏడికన్న వోతున్నవా?” అని అడుగుతాడు. పోయిన నెల బాలవ్వ హుజూరాబాద్‌లో బిడ్డ ఇంటికి పోయి రెండు రోజులుంది. ఆ రెండు రోజులూ కైలాసం కార్ఖానాకు పోలేదు.