దొర షష్టిపూర్తికి సోల్ పాట

కోరుట్లల నేను పనిచేసే ల్యాబుకు ఒకనాడు పొద్దుగాల్ల ఒక పెద్దమనిషి షుగర్ పరీక్షకు వచ్చిండు. జగిత్యాల నుంచి కారేసుకోని వచ్చిండు. జగిత్యాలల ల్యాబులు లేక కాదు, తనకు షుగరున్న సంగతి అక్కడోళ్లకు తెల్వొద్దని. రక్తం తీసేటప్పుడు సన్నగ పాడుకునుడు నాకు అలవాటు. మా మేడిపల్లి చర్చిల చిన్నప్పుడు నేర్చుకున్న ఇంగ్లీష్ కీర్తన ఏదో పాడుతున్న. సూదిని సూడలేక మొకం అటు తిప్పుకున్న మనిషి గబుక్కున ఇటు తిరిగిండు.

"అమ్మాయీ, గిది ఏడ నేర్చుకున్నవు?"

"చర్చిల సార్."

"గదే! సోల్ మ్యూజిక్ మొత్తం చర్చిల నుంచే పుట్టింది. నీ గొంతుల సోల్ ఉన్నది."

గొంతుల ఏదన్న ఇన్‌ఫెక్షన్ ఉన్నదంటున్నడేమో అని నాకు భయమైంది. సోల్ అంటే ఆయన లెక్కల గుండెలోని బాధను గొంతులకు తెచ్చి పాడే పాట అని, అమెరికాల నల్లోళ్లు కనిపెట్టిన్రని దూది అద్దుకుంటనే చెప్పిండు. పెండ్లిళ్లల్ల ఆర్కెస్ట్రాతోని పాడుతనని నేనంటే ఇంక సంబురపడ్డడు. వచ్చే నెల ఆయన షష్టిపూర్తట. జగిత్యాలల పెద్ద ఫంక్షన్ హాలట. పాతకాలం ఇంగ్లీష్ పాటలే పాడాల్నట. రాకు, పాపు, సోలు. తెలుగు పాట ఒక్కటి గూడ ఇనవడొద్దట.

రిపోర్టు మీద రాయనీకె ఇంటిపేరు అడిగితే అప్పుడు తెలిసింది, ఆయన మా ఊరి పాత దొర కొడుకని, గిప్పటి దొరని. మేడిపల్లిల కూలిపోయిన గడి బంగ్లా వాళ్లదే. మా అమ్మమ్మ, మా అమ్మ వాళ్ల పొలాలల్లనే నాట్లేసిండ్రు. గిప్పుడు ఆ పొలాలల్ల సగం ప్లాట్లయినయి, దొరలు జగిత్యాలకు మారి రైస్ మిల్లు, పెట్రోల్ బంకు పెట్టుకున్నరు. నేను మా ఊరి సంగతి చెప్పలే. రక్తం తీసేటప్పుడు చుట్టరికాలు కలుపుకోవద్దని మా ల్యాబుల రూలు.

మా ఆర్కెస్ట్రా అంటే ముగ్గురమే. కీబోర్డు వాయించే మాస్టర్ కోరుట్లల ఒక ప్రైవేట్ బడిల పిల్లలకు ప్రార్థన గీతాలు నేర్పుతడు. డ్రమ్స్ కొట్టే తమ్ముడు సిరిసిల్లల సాంచ నడుపుతడు, అంటే కరెంటు మగ్గం మీద బట్ట నేస్తడు. పాడేది నేను. గిటార్ కొట్టేటోడు మాకు లేడు. కీబోర్డుల ఒక బటన్ నొక్కితే గిటార్ చప్పుడు వస్తది, దానితోనే వెళ్లదీస్తం.

ముగ్గురం దొర ఇంటికి పోయినం. ఒక గది నిండ పాత రికార్డులు, గోడల నిండ జుట్టు పెంచుకున్న మనుషుల ఫోటోలు. దొర ఒక్కొక్కరి కథ చెప్పవట్టిండు. ఈయన ఎట్ల మందుకు బానిసైండో, ఆయన ఎట్ల గోలీలు మింగి పోయిండో, ఇంకొకాయన విమానం కూలి ఎట్ల సచ్చిపోయిండో. అందరు నిండ ముప్పై ఏండ్లు బతకలే.

మాస్టర్ మెల్లగ అడిగిండు: "సార్, అరవై నిండిన పండుగకు గీళ్ల పాటలెందుకు సార్? అపశకునం గాదా?"

దొర నవ్విండు. "మాస్టర్, మీకు రాక్ స్పిరిట్ అర్థం గాదు. కాలేజీ రోజులల్ల హైదరాబాదుల నేను జుట్టు గిట్ల భుజాల దాక పెంచిన. గా జుట్టుతోని ఊరికి పోతే మా నాయిన మంగలిని పిలిపిచ్చిండు."

తర్వాత ఒక రికార్డు పెట్టిండు. మనుషులంత ఒక్కటే, ఎక్కువ తక్కువ లేదు, అందరం అన్నదమ్ములమని ఆ పాట అర్థమట. చెప్పుకుంట చెప్పుకుంట ఆయన కండ్లల్ల నీళ్లు తిరిగినయి. గంతల్నే పనామె చాయ్ తెచ్చింది. దొరకు పింగాణి కప్పుల, మాకు పేపర్ కప్పులల్ల. డ్రమ్స్ తమ్ముడు పేపర్ కప్పు దిక్కు, దొర కండ్ల నీళ్ల దిక్కు ఒకసారి సూసి, "పాట మస్తుగున్నది సార్" అన్నడు.

నాకు నేర్పేతందుకు దొర ప్రతి ఆదివారం కూసోవెట్టిండు. ఇంగ్లీష్ మాటలు తెలుగుల రాసుకోని పాడుతున్న. "వ" అనేకాడ పెదవి కొరుక్కోవాల్నట, "థ" అనేకాడ నాలిక బయట పెట్టాల్నట. అన్ని చేసినంక గూడ ఆయనకు తృప్తి లేదు.

"గొంతు బాగుంది. గని బాధ లేదు. నీకేమన్న బాధ ఉన్నదా అమ్మాయీ?"

"ఉన్నది సార్. రేపు ఆరు గంటలకే డ్యూటీ."

"గది కాదు. అసలు సిసలు బాధ. గా నల్లోళ్లు తరతరాలు ఎవలి పొలాలల్లనో పనిచేసిండ్రు. ఎండల వంగి పనిచేస్కుంట పాడిండ్రు. గా పొలంల నుంచి వచ్చింది గీ పాట. అర్థమైందా?"

ఇగ నేను ఊకోలేకపోయిన. "మాది మేడిపల్లి సార్. మా అమ్మ మీ పొలంల నాట్లేసింది. గామె గూడ పాడేది."

దొర రికార్డు ఆపిండు. ఏదో అంటడనుకున్న. నా భుజం తట్టి, "గ్రేట్! ఎక్సలెంట్! గా ఫీలింగు తీసుకో!" అన్నడు. మళ్ల రికార్డు పెట్టిండు.

ఇంటికి పోయి అమ్మకు చెప్పిన. అమ్మ బియ్యం ఏరుకుంట ఇన్నది.

"బాధతోని పాడిన్నా? ఎవలు చెప్పిండ్రు? నడుము నొస్తది గదనే, మర్చిపోనీకె పాడేటోళ్లం. సగం పాటలు మేస్త్రీని తిట్టేటియే. దొరకు అర్థంగాక బతికినం."

మాకు అసలు పరేషాన్ డ్రమ్స్ తమ్ముడితోని అయింది. సోల్ పాట నెమ్మదిగ నడవాలె. తమ్ముడేమో మొదట నెమ్మదిగనే షురూ జేస్తడు, చరణం దాటినంక ఉరుకుతడు. "ఏం జేయాలె అక్కా, చప్పుడు నెమ్మదిస్తే సాంచ బందైందని చెయ్యి దానంతటదే లేస్తది" అన్నడు. ఆఖరుకు మాస్టర్ ఒక ఉపాయం జేసిండు. సోల్ పాట వచ్చినప్పుడు తమ్ముడిని కట్టెలు కింద పెట్టి చేతులు కట్టుకోని కూసోమన్నడు.

షష్టిపూర్తి ఎండకాలంల వచ్చింది. పొద్దున హోమం అయింది, దొర, దొరసాని మళ్ల దండలు మార్చుకున్నరు. పగటి భోజనాల యాళ్లకు మా ప్రోగ్రాం. దొర బట్టలు మార్చుకోని వచ్చిండు. లోపట నల్ల టీషర్టు, పైన తోలు జాకెట్, నొసట్ల హోమం బొట్టు. కూలర్లు తిరుగుతనే ఉన్నయి గని జాకెట్ల ఆయనకు చెమట కాలువ కట్టింది. అయినా ఇప్పలే.

మేం రాక్ పాటతోని షురూ జేసినం. తమ్ముడు ఇరగదీసిండు. మాస్టర్ గిటార్ బటన్ నొక్కి కింద మీద అయిండు. జనం ప్లేట్ల దిక్కెల్లి తల ఎత్తలే. మటన్ కాడ లైను పెద్దగున్నది. ఒకాయన స్టేజీ కాడికి వచ్చి, "సౌండ్ జర తక్కువ జేయుండ్రి, ఫోన్ ఇనవడ్తలేదు" అన్నడు. పాట నడుమల ఒక లీడర్ వస్తే మమ్మల్ని ఆపి, ఆయన చేతికి మైకు ఇచ్చిండ్రు. దొర సేవల గురించి మాట్లాడుకుంట మాట్లాడుకుంట ఆయన వచ్చే ఎలక్షన్ల దాక పోయిండు. దొర మాత్రం ముంగట సోఫాల కూసోని, కండ్లు మూసుకోని, లేని గిటారును పొట్ట మీద వాయించుకుంటనే ఉన్నడు.

గప్పుడు సోల్ పాట వంతు వచ్చింది. తమ్ముడు చేతులు కట్టుకున్నడు. మాస్టర్ ఒక్క స్వరం పట్టి ఇడిసిండు. నేను కండ్లు మూసుకున్న. దొర చెప్పిన నల్లోళ్ల పొలం మనసుకు రాలే, మా అమ్మ నడుమే యాదికొచ్చింది. గొంతు దానంతటదే లేసింది. ఎత్తుకున్న రాగం హాలు నిండ సాగింది. మొదటిసారి మటన్ లైనుల మాటలు బందైనయి.

సోఫా ఎనుక వరుసల దొర వాళ్ల పెద్దక్క కూసున్నది. కోనరావుపేటకు ఇచ్చిన ఆమె, డెబ్బై దాటింది, చెవులు సగమే ఇనస్తయి. ఆమెకు నా మాటలు ఇనవడలే, రాగం ఇనవడ్డది. గసొంటి రాగం మా దిక్కు ఒక్కకాడనే ఇనవడ్తది. ఆమె ముంగట సూసింది. దండ ఏసిన తన తమ్ముడి పెద్ద ఫోటో స్టేజీ మీద ఉన్నది, పూలు సుట్టు ఉన్నయి. ఇగ ఆమె రెండు చేతులతోని గుండె మీద కొట్టుకున్నది.

"ఓ నా తమ్ముడా! నన్నిడిసి ఎట్ల పోతివిరా నా అయ్యా!"

పక్కన కూసున్న ఇద్దరు ముసలమ్మలు ఏమైందని అడుగలే. ఆమె మెడ పట్టుకోని వాళ్లు గూడ అందుకున్నరు. నేను పాట ఆపాల్నా వద్దా తెల్వక రాగం ఇంక సాగదీసిన. దానితోని ఏడుపు ఇంక పెరిగింది. ఆ ముగ్గురికి నా శ్రుతి మంచిగ దొరికింది.

దొర ఉరికొచ్చిండు. "అక్కా! నేను బతికే ఉన్ననే! గిటు సూడు!"

ఆమె కండ్లు తుడుసుకోని తమ్ముడిని కింది నుంచి మీది దాక సూసింది. తోలు జాకెట్ పట్టి గుంజి సూసింది.

"బతికుంటే గా ఏడుపు పాట ఎందుకు పెట్టిచ్చినవురా?"

"అక్కా, గది సోల్ మ్యూజిక్!"

"ఏందిరా?"

"సోల్! ఆత్మ! ఆత్మ పాట!"

"ఆత్మ పాట బతికున్నోడు పెట్టిచ్చుకుంటడారా దరిద్రుడా?" అని ఈసారి నిజంగనే కోపంతోని ఏడ్సింది.

హాలు హాలంత ఆగమైంది. దొరసాని మొకం ఎర్రగైంది. గప్పుడు డ్రమ్స్ తమ్ముడు ఎవ్వల్ని అడుగకుంట కట్టెలు చేతికి తీసుకోని తీన్మార్ అందుకున్నడు. అంతే. మటన్ లైనుల ఉన్నోళ్లు ప్లేట్లు పక్కకు పెట్టిండ్రు. లీడర్ కండువ నడుముకు కట్టిండు. పిల్లలు, డాక్టర్లు, మిల్లోళ్లు, సోఫా మీదోళ్లు, అందరు ఎగురుడే. ఒక పెద్దాయన నా దగ్గరికి వచ్చి, "గిప్పుడు పాడిన గీ ఇంగ్లీష్ పాట మంచిగున్నది" అన్నడు. దొర మొదలు ఒక మూలకు నిలవడ్డడు. జర సేపటికి ఆయన కాలు ఒకటి దానంతటది ఆడింది. ఇంక జర సేపటికి తోలు జాకెట్ ఇప్పి తల మీద గిరగిర తిప్పుకుంట నడుమలకు వచ్చిండు.

సామాన్ సర్దుకునేటప్పుడు పెద్దక్క నన్ను పిలిసింది. ఎవలి బిడ్డవని అడిగింది. అమ్మ పేరు చెప్తే గుర్తుపట్టింది.

"నాట్లల్ల మొదలు గొంతెత్తేది మీ అమ్మనే గదా! మా తమ్ముడు చిన్నగున్నప్పుడు అన్నం తినుడు ఇడిసిపెట్టి గట్టు మీద నిలవడి ఇనేటోడు. కూలోళ్ల కాడ నిలవడ్డవని మా నాయిన సింతబరిగె తీసుకోని కొట్టిండు."

నాకు మస్తు అనిపిచ్చింది. దొర మొదటి సోల్ పాట మా అమ్మది. చెమటలు తుడుసుకుంట అటు దిక్కు వచ్చిన దొరతోని గదే మాట అన్న.

ఆయన జాకెట్ మళ్ల తొడుక్కున్నడు. "నాకు యాదికి లేదు" అన్నడు. తర్వాత, "అయినా గది ఫోక్. వేరే క్యాటగిరి" అన్నడు. ఆఖరుకు, "జనానికి టేస్టు లేదమ్మా" అని మిల్లోళ్ల దిక్కు పోయిండు.

మాకైతే గా దినం నుంచి పేరొచ్చింది. వారం తిరుగకముందే మెట్‌పల్లి నుంచి ఒకాయన మాస్టర్‌కు ఫోన్ జేసిండు. వాళ్లింట్ల దశదినకర్మ ఉన్నదట. "గా జగిత్యాలల ఏడిపిచ్చిన్రట గదా, గా ఇంగ్లీష్ పాటే కావాలె" అన్నడు. పోయి పాడినం. మాటలు ఒక్కలకు గూడ సమజ్ గాలే, అందరు ఏడ్సిండ్రు. కడుపునిండ ఏడ్సినమని ఇంటోళ్లు దండం పెట్టిండ్రు. నేను ఏం పాడిన్నో నాకు గూడ పూర్తిగ తెల్వదు. దేశం కాని దేశంల ఎవలో పొల్ల ఎవలినో ఇడిసిపోయిన కథ అనుకుంట.

మొన్న కోనరావుపేట నుంచి పెద్దక్క కబురు పంపింది. "మీ అమ్మను తోలుకరా, ఒకసారి ఇంట. సచ్చినంక పాడిపిస్తే నాకేం ఇనవస్తది" అన్నదట. పోదామా అని అమ్మను అడిగితే, పోదామనలే, వద్దనలే, మంచి చీర కట్టుకున్నది.

పెద్దక్క వసారాల మంచం మీద ఉన్నది. అమ్మను పక్కన కూసోవెట్టుకోని, ఒక నాటు పాట పాడుమన్నది. అమ్మ గొంతు సవరించుకోని అందుకున్నది. రెండో చరణంల పాటల మొగడు సంతకు పోతడు.

పెద్దక్క చెయ్యి అడ్డం పెట్టింది. "సంతకు కాదే, జాతరకు."

"సంతకే" అన్నది అమ్మ.

"నా చెవుల ఇనవడ్డది, జాతరకు!"

"నీ చెవుల సంగతి నాకెరుకే అమ్మా. బురదల ఉండి పాడింది నేను, గట్టు మీద గొడుగు కింద ఉండి ఇన్నది నువ్వు."

పెద్దక్క కోపానికి రాలే. ఓడిపోను గూడ ఓడిపోలే. అమ్మ మళ్ల మొదటి నుంచి ఎత్తుకుంటే ఆమె గూడ కలిసి పాడింది. ఆ చరణం వచ్చేసరికి ఇద్దరు గొంతు పెంచిండ్రు. ఒకే రాగంల ఒకామె మొగడు సంతకు పోయిండు, ఇంకొకామె మొగడు జాతరకు పోయిండు.