తీసేసినా పడిన ఎర్రచుక్క

దయ్యాల కథలంటే నాకు మొదటినుంచీ చిరాకు. చనిపోయినవారు తిరిగి రారని సండే స్కూల్లో నేర్చుకున్నాను, ఇప్పుడు అదే పిల్లలకు నేర్పిస్తున్నాను. అందుకే ఈ సంగతి మా సంఘంలో ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు.

తిరుపతిలో ఒక చిన్న ఆఫీసులో యాప్‌లను పరీక్షించడం నా పని. ఎవరైనా తాకితేనో, యంత్రం నుంచి సంకేతం వస్తేనో తప్ప మా యాప్ కదలదు. వాడేవాళ్లు తాకిన ప్రతి తాకుడునూ మా టూల్ రికార్డు చేసి, మరో ట్యాబ్ మీద మళ్లీ నడిపిస్తుంది. వేలు పడినచోట ఎర్రచుక్క కనిపిస్తుంది. ఎక్కడ తడబడుతున్నారో అలా తెలుసుకుంటాం.

చిత్తూరులో ఒక ఆసుపత్రి మా యాప్ వాడేది. సెలైన్ అయిపోవస్తే వార్డులోని ట్యాబ్‌లో అలారం మోగాలి. ఒకరోజు మోగింది, వెంటనే ఎవరో ఆపేశారు. ఎవరూ చూసుకోక, సెలైన్ ఎక్కుతున్న ఒక పెద్దాయన ప్రాణం మీదికొచ్చింది. నెపం ఆ పూట వార్డులో ఒక్కతే ఉన్న సుగుణ అనే నర్సు మీద పడింది. ఆ సమయంలో తాను ఇంకో మంచం దగ్గర, వాంతి చేసుకుంటున్న మనిషిని రెండు చేతులతో పట్టుకుని ఉన్నానని ఆమె అంటోంది. ఆమె ఉద్యోగం సంగతి తేల్చడానికి ఆసుపత్రి మేనేజరు ఆ రికార్డును మాకు పంపాడు.

నేనూ, నాతో పనిచేసే రెడ్డెప్పా దాన్ని నడిపించాం. అలారం మోగింది. ఆపే బటన్ మీద ఎర్రచుక్క పడింది. తడి వల్ల, పాడైన ఛార్జర్ వల్ల, ఎవరూ ముట్టకపోయినా అలాంటి తాకుళ్లు వస్తాయి. అది లేకపోతే అలారం ఎంతసేపు మోగేదో చూద్దామని, కాపీలో ఆ ఒక్క తాకుడు తీసేసి మళ్లీ నడిపించాను.

చుక్క మళ్లీ పడింది. అలారం ఆగిపోయింది.

మిట్టమధ్యాహ్నం. తుడిచిన తెర, ఛార్జర్ లేదు. తాను పంపిన తాకుడుకు మా టూల్ ఒక గుర్తు వేస్తుంది. దీనికి ఆ గుర్తు లేదు. అంటే తెర మీద నిజంగానే ఏదో ఆనింది.

"నేను ముట్టుకోలేదప్పా. నువ్వేమన్నా సెయ్యి పెట్టినావా?" అన్నాడు రెడ్డెప్ప. లేదన్నాను. "అయితే నువ్వు మీ పాస్టరును పిల్సుకోని రా, నేను స్క్రీన్లు బాగుచేసేవాణ్ణి పిలుస్తా. ఎవురు ముందొస్తే వాళ్లు సూస్తారు."

ఇంకో ట్యాబ్ తెచ్చాం. అందులోనూ పడింది. ఆ తర్వాత అతను నవ్వలేదు.

సుగుణ బయటపడుతుందన్న ధైర్యంతో చిత్తూరు వెళ్లాను. మేనేజరు ముందు అదే కాపీ, అదే ట్యాబ్. అలారం మోగుతూనే ఉంది. చుక్క రాలేదు. మూడుసార్లు చూపించాను. చివరికి విసుగుపుట్టి మేనేజరే చెయ్యి చాపి ఆపేశాడు. ఆ తాకుడు లేకపోతే అలారం ఆగదని తేలిపోయింది. నేను తెచ్చిన సాక్ష్యం ఆమెకే ఎదురు తిరిగింది.

వరండాలో సుగుణ నా దగ్గరికొచ్చింది. "ఆడ మీ ఆఫీసులో నువ్వు సూసినావంట కదన్నా. నా సెయ్యి కాదని నువ్వన్నా నమ్ముతావా?"

నమ్ముతానన్నాను. చూసింది చూసినట్టు రిపోర్టులో రాశాను. రెడ్డెప్ప సంతకం పెట్టలేదు, అతన్ని తప్పుపట్టలేను. మా ఆఫీసువాళ్లు ఆ పేరా తీసేసి పంపారు. సుగుణను పనిలోంచి తీసేశారు.

అది మా టూల్‌లోని లోపమేమోనని ఎన్నోసార్లు వెతికాను. దొరకలేదు. మళ్లీ ఎప్పుడూ ఆ చుక్క పడలేదు. ప్రతి ఆదివారం సుగుణ పేరెత్తి ప్రార్థిస్తాను. ఆ తర్వాత ఆ తాకినదాన్ని గద్దించాలో, దాని గురించి దేవుణ్ణి అడగాలో తెలియక ఆగిపోతాను. పక్కనున్నవాళ్లు నా ప్రార్థన అయిపోయిందనుకుని ఆమెన్ అంటారు.