మూడు మిద్దెల చదరంగం

మా దాదాపీర్ మామకు ఉన్నది ఒకే ఒక్క జబ్బు. ఏ వస్తువు నేల మీద చదునుగా కనిపించినా, దాని నెత్తిన ఇంకో మిద్దె వెయ్యకుండా ఉండలేడు. పత్తికొండలో నా మందుల షాపుకు సరిగ్గా ఎదురుగా ఆయన వెల్డింగ్ షాపు. కాబట్టి ఈ జబ్బుకు మందు లేదని ఊళ్లో అందరికంటే ముందు తెలిసింది నాకే.

పెళ్లైన కొత్తలో మంచం మీద మంచం బిగించాడట. పైమంచం ఎక్కి చూడమంటే ఆయన భార్య ఫాతిమా బీ కిందమంచం కూడా వదిలేసి చాప వేసుకుంది. తర్వాత కోళ్లగూటికి మిద్దె వేశాడు. పై వాటా కోసం కోళ్లు పొడుచుకుని పొడుచుకుని, చివరికి రెండు వాటాలూ ఖాళీ చేసి వంటింట్లో కాపురం పెట్టాయి. ఫాతిమా బీ ఎప్పుడూ ఒకటే మాట అంటుంది: "ఏమన్నా చేసుకోనీ తల్లీ. నా పైన ఇంగో ఫాతిమా బీని పెట్టకుంటే అంతే చాలు."

నా షాపునూ వదల్లేదు. "పేషెంట్లు నిలబడి ఉండారు బేటీ" అని రెండంతస్తుల బెంచీ చేసి తెచ్చిపెట్టాడు. పై వరుసలో కూర్చున్నవాళ్ల పాదాలు కింది వరుసవాళ్ల చెవుల దగ్గరికి వచ్చేవి. జ్వరం మాత్రకని వచ్చినవాళ్లు తలనొప్పి మాత్ర కూడా కొనుక్కుని పోయేవాళ్లు. వ్యాపారం చేసుకునేదాన్ని, నేనేమీ అభ్యంతరం చెప్పలేదు.

ఈయనకు ఒక స్నేహితుడు, ఓబులేసు. టమోటా మార్కెట్‌లో నరసన్న మండీకి వేలం పాడించే మనిషి. సాయంత్రం మార్కెట్ ముగిశాక వెల్డింగ్ షాపు ముందు బల్ల వేసుకుని ఇద్దరూ చదరంగం ఆడేవాళ్లు. ఆడేవాళ్లు అనడం మర్యాదకు. ఓబులేసు గెలిచేవాడు, దాదాపీర్ మామ టీ తెప్పించేవాడు. గెలుపు ఒక్కసారైనా మామ వైపు తిరిగి చూడలేదు.

ఓబులేసు వేలం చూసి తీరాల్సిందే. గంపల మధ్య నిలబడి కుడిచెయ్యి ఆకాశానికెత్తి ధర అరిచేవాడు. ఆ చెయ్యి పైన ఉన్నంతసేపూ పాట నడుస్తున్నట్టు, దించితే సరుకు అమ్ముడైనట్టు. ఆ మండీలో అదే చట్టం. మనిషి చూస్తే బక్కపలచన, గొంతు మాత్రం బస్టాండ్ దాకా వినబడేది.

అలాంటి మనిషికి పోయిన ఎండాకాలం పక్షవాతం వచ్చింది. దాదాపీర్ మామే కారు మాట్లాడి కర్నూలు ఆసుపత్రికి తీసుకుపోయాడు, అక్కడే ఉండి వెంట తీసుకొచ్చాడు. మాట నిలిచింది, కాలు తిరిగొచ్చింది. కుడిచెయ్యి మాత్రం రొమ్ము దాకా వచ్చి ఆగిపోయేది. రోజూ వ్యాయామం చేస్తే పైకి లేస్తుందని అక్కడి ఫిజియోథెరపీ అమ్మాయి చేసి చూపించి పంపింది. ఓబులేసు ఒక్కరోజైనా చేస్తే ఒట్టు.

మాత్రలకు వచ్చినప్పుడు అడిగాను. "ఎందుకు పెద్దనాయనా చెయ్యవు?"

"గోడకు చెయ్యి ఆనించి, వేళ్లతో పైకి పాకాలంట పాపా. నేనేమన్నా బల్లినా?"

"బల్లికైతే ఎవరూ చెప్పక్కర్లేదు పెద్దనాయనా, అదే పాకుతుంది."

కోపం వచ్చి మాత్రలు కూడా తీసుకోకుండా వెళ్లిపోయాడు. మధ్యాహ్నం వాళ్లావిడ నాగలక్ష్మమ్మ వచ్చి తీసుకుపోయింది.

నరసన్న మంచివాడే, కానీ మండీ ఆగదు కదా. మైకు పట్టుకుని అరిచే ఇంకో మనిషిని తాత్కాలికంగా పెట్టుకున్నాడు. ఎడంచెయ్యి ఎత్తి పాడిస్తానని ఓబులేసు బతిమాలాడట. ఎడంచేత్తో అమ్మితే తమ సరుకు నేలపాలేనని రైతులు ఒప్పుకోలేదు. "వానకారు పంట దిగేలోపల కుడిచెయ్యి లేస్తే నీ జాగా నీదే ఓబులేసూ. లేయకుంటే నేనేం చేసేదప్పా?" అన్నాడు నరసన్న. ఆ రోజు నుంచి ఓబులేసు చదరంగానికి రావడం మానేశాడు. గడప దాటడమే మానేశాడు.

మిత్రుడు అలా ఉంటే దాదాపీర్ మామ బెంగపడతాడనుకున్నాను. బెంగ కాదు గదా, ఒకరోజు పొద్దున్నే వెలిగిపోతున్న మొహంతో నా కౌంటర్ మీద మోచేతులు ఆనించాడు.

"బేటీ శివజ్యోతీ, చదరంగంలో ఉండే లోపం ఏందో తెలుసునా?"

"నీకు ఆడటం రాకపోవడం."

"అది కాదు. ఇన్ని వందల ఏండ్లుగా యుద్ధమంతా నేల మీదనే చేస్తాండారు. రాజనేటోడు కింది పోర్షన్‌లో ఉంటాడా? ఓనరు అంటే పైన ఉండాల!"

"మా ఓనరు కిందనే ఉంటాడు మామా."

"వాడు రాజు కాదు" అని తేల్చేసి వెల్డింగ్ అద్దాలు పెట్టుకున్నాడు.

వారం తిరిగేసరికి మూడు మిద్దెల చదరంగం తయారైంది. నాలుగు ఇనుప కడ్డీలు, వాటి మధ్య ఒకదాని మీద ఒకటి మూడు పలకలు, ప్రతి పలక మీదా నలుపు తెలుపు గళ్లు. బంట్లు బోల్టులు. రేకు కత్తిరించి గుర్రాలు చేశాడు. గుర్రం గాడిదలాగా ఉందే మామా అంటే, "యుద్ధంలో అలిసిపోయిండాది" అన్నాడు. ఏనుగు మెట్లెక్కలేదు కాబట్టి కింది మిద్దెలోనే ఉండాలి. ఒంటె నడిమి మిద్దె దాకా పోవచ్చు. రాజులిద్దరూ, వాళ్లను కాపాడే బంట్లూ పై మిద్దెలో. మంత్రికి మూడు చోట్లా పని, కానీ ఎక్కినా దిగినా ఏటవాలుగానే.

"ఎవరాడతారు దీన్ని?" అని అడిగాను.

"ఇంగెవరు, ఓబులేసు."

వెళ్లి ఓబులేసు గడపలో నిలబడి వీధంతా వినేట్టు చెప్పాడట: "రావద్దులేప్పా! కొత్త ఆటలో దాదాపీర్ చేతిలో ఓడిపోతాననే భయం ఎవరికైనా ఉంటాది!" దాదాపీర్ చేతిలో ఓడిపోవడమనే మాటను ఓబులేసు బతికుండగా సహించలేడు. ఆ సాయంత్రమే ఆటోలో దిగాడు.

కూర్చున్నవాడు అలవాటైపోయిన ఎడంచేత్తో బంటును పట్టుకోబోయాడు.

"తోబా తోబా!" అని దాదాపీర్ మామ లేచి నిలబడ్డాడు. "రాజుండే మిద్దె మీద ఎడంచెయ్యి పెడతావా? నీ ఇంటికొచ్చిన చుట్టానికి ఎడంచేత్తో నీళ్లిస్తావా?"

"కుడిది రాదని తెలుసు కదప్పా నీకు."

"అయితే ఓడిపోయినట్టు ఒప్పుకో, టీ తెప్పించు."

ఓబులేసు పళ్లు కొరికి, కుడిచెయ్యిని రొమ్ము మీది నుంచి ఒక్కొక్క అంగుళం జరిపి పై మిద్దెకు చేర్చాడు. ఆ ఒక్క ఎత్తుకు పట్టిన సమయంలో నేను నలుగురికి మందులిచ్చి, చిల్లర లేదని ఒకరితో గొడవ కూడా పడ్డాను.

రూళ్లు అక్కడితో ఆగలేదు. ఎత్తిన పావును, ఆ ఎత్తు గురించి దాదాపీర్ మామ ప్రకటన పూర్తయ్యేదాకా గాల్లోనే పట్టుకోవాలి. మొదట్లో "తెల్ల బంటు ముందుకు పోతాంది" అని ముగించేవాడు. రోజులు గడిచేకొద్దీ ప్రకటన పెరిగింది. "పత్తికొండ వాస్తవ్యులు, మండీ ఓబులేసు గారి తెల్ల బంటు, పై మిద్దె, కుడివైపు నుంచి..." అని మొదలెట్టి ఆ బంటు తాతముత్తాతల దాకా పోయేవాడు. ఓబులేసు చెయ్యి వణుకుతూ ఉండేది, నోరు తిడుతూ ఉండేది. నా షాపుకు వచ్చినవాళ్లు తమకేం కావాలో మర్చిపోయి అక్కడే నిలబడేవాళ్లు.

పైగా ప్రతి శుక్రవారం నమాజు అయి వచ్చాక పానా పట్టుకుని పై మిద్దెను బొటనవేలంత పైకి బిగించేవాడు. ఓబులేసుకు అనుమానం వచ్చింది.

"ఏమప్పా, మొన్న రాజు నా ముక్కు కాడ ఉండె. ఇప్పుడు నొసటి మీదికి పోయినాడే?"

"రాజు ఆడనే ఉండాడు. నువ్వు కుంగుతాండావు. వయసు కదా."

"పాపా, నువ్వు చెప్పు. నేను కుంగుతాండానా?"

"బీపీ ఒక్కటే చూడగలను పెద్దనాయనా" అని తప్పించుకున్నాను.

నిజం చెప్పాలంటే నాకు ఒళ్లు మండేది. జబ్బు మనిషితో ఆటలేమిటి, ఈయన మిద్దెల పిచ్చికి ఆ మనిషే దొరికాడా అని. ఒకసారి ఆ మాటే అడిగేశాను. దాదాపీర్ మామ నవ్వి, "నాలుగో మిద్దె గురించి ఆలోచిస్తాండా బేటీ" అన్నాడు. నేనేదో మంచి మాట అడిగినట్టు!

తొలకరి పడింది, చేలు కాపుకొచ్చాయి. మొదటి గంపలు రెండ్రోజుల్లో దిగుతాయనగా నరసన్న మా వీధిలో ఆగి, ఓబులేసును చూసి తల అడ్డంగా ఊపి వెళ్లిపోయాడు. ఓబులేసు మొహం మాడిపోయింది. ఆ కోపమంతా ఆట మీద చూపించాడు. నల్లరాజును మూల గడిలోకి నెట్టాడు. ఇంకొక్క ఎత్తు, ఆట అయిపోతుంది.

అప్పుడు దాదాపీర్ మామ నడిమి మిద్దెలోని మంత్రిని తీసుకుని, టక్కున పై మిద్దెలో తెల్లరాజు పక్కన పెట్టాడు. "ఆటకట్టు!"

ఓబులేసు నోరు తెరిచాడు. "మంత్రి యాడన్నా నిట్టనిలువునా ఎగురుతాడా?"

"కొత్త రూలు. పొద్దున పెట్టినా."

"నాకు చెప్పలేదే?"

"నువ్వు అడగలేదే?"

"దొంగోడా!" అని ఓబులేసు లేచాడు. కొట్టడానికి కుడిచెయ్యి ఎత్తాడు. భుజం దాటింది, చెవి దాటింది, ఆకాశానికి లేచింది. దానితోపాటే గొంతూ లేచింది. ఆ కేకకు ఆటో ఒకటి సడన్ బ్రేకు వేసింది. సైకిల్ మీద గంప పెట్టుకుని పోతున్న రైతు వేలం మొదలైందనుకుని గబగబా దించేశాడు.

వీధి మొత్తం ఆ చెయ్యినే చూస్తోంది. అందరూ ఎటు చూస్తున్నారా అని ఓబులేసూ తలెత్తి చూశాడు.

"దాదా... ఇది నా చెయ్యేనా?"

"నావి రెండూ ఈడనే ఉండాయి. దించొద్దు! దించొద్దప్పా!" అంటూ దాదాపీర్ మామ జేబులోంచి కొలత టేపు లాగి, బల్ల మీదికెక్కి, ఆ చెయ్యిని వేలికొన దాకా కొలిచాడు. "చెవి దాటింది! చెవి దాటితే చాలు, పనికి పోవచ్చని చెప్పినాది ఆ ఫిజియో పాప!"

ఓబులేసు చెయ్యి ఇంకా పైనే ఉంది. మెల్లగా అడిగాడు. "అంటే, ఎడంచెయ్యి పెట్టగూడదని అనింది?"

"కుడిదాని కోసం."

"రాజును పైన పెట్టింది?"

"దాని కోసమే."

"నా బంటుకు తాతముత్తాతల పేర్లన్నీ చదివింది?"

"ఎత్తిన చెయ్యి కొంచేపు నిలపాలని ఆ పాప అనింది కదా. అంతసేపు నాకు మాటలు యాడ దొరుకుతాయప్పా?"

"మరి పొద్దున పెట్టిన రూలు?"

దాదాపీర్ మామ బల్ల మీది నుంచి నెమ్మదిగా దిగాడు. "అది నేను గెలిచేదానికి. ఇన్నేండ్లలో ఒక్కసారన్నా గెలవద్దా?"

ఎత్తిన చెయ్యి ఆయన వీపు మీదే దిగింది. దెబ్బో కౌగిలో చెప్పడం కష్టం, రెండూ ఉన్నాయి. నాకు నవ్వాగలేదు. ఇన్నాళ్లూ ఈ మనిషినా నేను తిట్టుకున్నదనుకుంటే ఆయన ముద్దొచ్చాడు కూడా. ఫాతిమా బీ టీ గ్లాసులతో వచ్చి అంతా విని, "యా అల్లా! ఈయన వేసిన మిద్దె ఒక్కటన్నా మనిషికి పనికొచ్చినాది" అంది.

రెండ్రోజుల తర్వాత ఓబులేసు మార్కెట్‌లో చెయ్యెత్తాడు. నరసన్న మైకు మనిషిని తూకం దగ్గరికి మార్చాడు. షాపు తెరిచీ తెరవకముందే నాకు ఆ గొంతు వినబడింది. దాదాపీర్ మామ షట్టర్ సగం ఎత్తి, చెవి అటే పెట్టి, మార్కెట్ ముగిసేదాకా ఒక్క పనీ ముట్టుకోలేదు.

సాయంత్రం చూస్తే ఆయన పానా పట్టుకుని చదరంగం మరలు విప్పుతున్నాడు.

"ఎందుకు మామా?"

"దీని పనైపాయ కదా బేటీ. వాడింక పాత ఆటే ఆడతాడు. ఇనుము ఇంగేదానికన్నా పనికొస్తాది" అన్నాడు. మొహంలో కళ లేదు. ఆ రూళ్లు చెయ్యి కోసమైతే అయ్యుండొచ్చు, ఆ మిద్దెలు మాత్రం ఆయన ప్రాణం.

ఓబులేసు మార్కెట్ నుంచి నేరుగా వచ్చాడు. పొద్దుటినుంచి వేలం పాడించి, మధ్యలో గంపలు కూడా ఎత్తినవాడు. విప్పుతున్న మరలను చూశాడు, మిత్రుడి మొహం చూశాడు. దబ్బున బల్ల మీద కూలబడ్డాడు.

"అబ్బా, భుజం!"

"ఏమాయప్పా?" అని దాదాపీర్ మామ పానా వదిలేశాడు.

"పట్టేసినాది. ఇంగా శానా దినాలు ఆడాలేమో ఈ మిద్దెల మీద."

మామ మొహం విప్పారింది. విప్పిన మరలను మళ్లీ బిగించడం మొదలెట్టాడు, నాలుగో మిద్దె ఎంత ఎత్తులో ఉండాలో చెబుతూనే. ఓబులేసు మూలుగుతూ నా షాపుకొచ్చి, రోడ్డవతలికి వినబడేట్టు, "పాపా, భుజం నొప్పికి మంచి ఆయింట్‌మెంట్ ఇయ్యి!" అన్నాడు. ట్యూబు చేతిలో పెట్టాను. కౌంటర్ మీదికి వంగి, గొంతు తగ్గించి అడిగాడు.

"సీలు విప్పకుంటే రేపు వాపసు తీసుకుంటావా?"

"తీసుకుంటాను పెద్దనాయనా."

ట్యూబు పైకెత్తి మామకు చూపిస్తూ, భుజం పట్టుకుని కాళ్లీడ్చుకుంటూ రోడ్డు దాటబోయాడు. తీరా చూస్తే పట్టుకున్నది ఎడమ భుజం. "పెద్దనాయనా" అని మెల్లగా పిలిచి, నా కుడి భుజం తట్టి చూపించాను. గబుక్కున చెయ్యి మార్చుకుని, ఇంకా గట్టిగా మూలుగుతూ ఆటకు వెళ్లాడు.