చీమలకు తెలిసిన గుడాకు

నా చిన్నప్పుడు, ఒరిస్సా కొత్తగా వేరే రాష్ట్రమైన రోజుల్లో, బరంపురంలోని మా ఇంట్లో అందరూ వంటింట్లో వరసగా కూర్చుని తినేవారు. మా నాయనమ్మ ఒక్కతే పెరటి గుమ్మం దగ్గర తినేది. ఆవిడను ఎవరూ వెళ్ళమనలేదు. నోరు వాసన వస్తోందని తనే కంచం పట్టుకుని లేచిపోయింది. చిగుళ్ళు వాచి చీము కారేవి, పళ్ళు కదిలేవి. మాట్లాడాల్సివస్తే కొంగు అడ్డం. ఇంట్లో చెల్లే మాట ఆవిడదే గానీ, ఆ మాట వచ్చే నోరు మాత్రం ఎవరికీ కనబడేది కాదు. నాకూ అప్పుడు ముందు పళ్ళు ఊడి ఉన్నాయి. మా ఇద్దరి నోళ్ళూ కలిపితే ఒక సరైన నోరు అయ్యేదేమో.

ఆవిడకు తీపి జబ్బు కూడా ఉండేది. డాక్టరు చక్కెర, బెల్లం మానమంటే, గుళ్ళో ప్రసాదం కూడా కళ్ళకద్దుకుని నా చేతిలో పెట్టేసేది. ఆ నిష్ఠ వల్ల లాభపడింది నేనే. చిగుళ్ళు మాత్రం మానలేదు. నొప్పికి మందని రోజూ గుడాకు రాసుకునేది. పొగాకూ బెల్లప్పాకమూ కలిపి నూరిన నల్లటి ముద్ద అది, మా కొట్లో అమ్మే సరుకే.

ఒకసారి పురుషోత్తంపూర్ నుంచి మా మేనత్త వచ్చింది. తన కంచం తీసుకుని సరాసరి వెళ్ళి వాళ్ళమ్మ పక్కన కూర్చుంది.

“అటు ఎల్లవే, నోరు కంపు కొడతంది,” అంది నాయనమ్మ.

“కొట్టనీ. ఆ నోటితోనే కదా నన్ను తిట్టి పెంచినావు.”

భోజనమయ్యాక నాయనమ్మ గుడాకు తీసింది. అత్త అందులోంచి గోరంత తీసి నేలకు రాసి ఊరికే కూర్చుంది. కాసేపటికి చీమలు వచ్చాయి.

“సూడమ్మా! బెల్లమని సీమలకి తెలిసింది. నీకు తెలీనేదేటి?”

“నేను తింటన్నానేటే? సిగుళ్ళకి రాసుకుంటన్నాను!”

“డాక్టరుకి సెప్పినావా మరి?”

నాయనమ్మ కొంగు నోటికి అడ్డం లాక్కుంది. డాక్టరు తిండి సంగతి అడిగాడు, దాహం సంగతి అడిగాడు, నోరు చూపించమనలేదు. అడగనిది చూపించడానికి ఆవిడకు సిగ్గు.

మర్నాడు అత్తే వెంటబెట్టుకుని వెళ్ళింది, నేనూ వెళ్ళాను. కొంగు తీయడానికి నాయనమ్మకు చాలాసేపు పట్టింది. పొగాకు చిగుళ్ళను తినేస్తోందనీ, తీపి జబ్బు వల్ల పుండు మానదనీ, ఆ చీము జబ్బును ఇంకా పెంచుతుందనీ డాక్టరు చెప్పాడు. పళ్ళ మొదట్లో గట్టిపడ్డ గార గీకించారు, బాగా కదిలే పళ్ళు తీయించారు, ఉప్పునీళ్ళు పుక్కిలించమన్నారు. గుడాకు అలవాటు పోయేదాకా మా అత్త తన అత్తవారింటికి వెళ్ళలేదు.

వాసన పోయింది. కానీ ఆ తర్వాత కూడా నాయనమ్మ చాలాకాలం కంచం పట్టుకుని గుమ్మం వైపే నడిచేది. ఎవరో ఒకరు చేయిపట్టి వెనక్కి తేవాల్సివచ్చేది.

ఇప్పుడు నాకూ అదే జబ్బు, అవే చిగుళ్ళు. ఇంట్లో నేనొక్కదాన్నే. డాక్టరు చక్కెర సంగతి అడిగి పంపించేయబోతాడు. అడక్కపోయినా నోరు తెరిచి చూపిస్తాను. సిగ్గే. కానీ ఆ సిగ్గుతో నోరు దాచుకున్న మనిషి అన్నం ఎక్కడ కూర్చుని తిన్నదో నేను చూశాను.