గోంగూరకు తెరుచుకున్న తలుపు

మాట చెబితే తెరుచుకునే తాళం ఒకటి మా వీధి తలుపుకు పెట్టించాం. రహస్యపదంగా నాన్న “గోంగూర” ఎంచుకున్నారు. రాయ్‌పూర్‌లో దాన్ని అందరూ అమారీ భాజీ అంటారు కాబట్టి దొంగలకు తట్టదని, రిటైరైన ఈ రైల్వే గార్డుగారి ధీమా.

ఈ పొద్దున కూరలమ్మే బాయి, మేం తెలుగువాళ్లమని ముచ్చటపడి, గుమ్మం ముందు “గోంగూర!” అని కేకేసింది. తాళం తెరుచుకుంది. గంపతో సహా వంటింట్లోకి వచ్చేసింది.

నాన్న వెంటనే పదం మార్చేశారు. తలుపేసి, ఆమెను మెట్ల మీద నిలబెట్టి, ఏది అనొచ్చో ఏది అనకూడదో హిందీలో గట్టిగా హెచ్చరించారు.

“బాయీ, గోంగూర బోలో, చలేగా. చుక్కకూర మత్ బోల్నా!”

ఆయన వెనక తలుపు తెరుచుకుంది.

ఇక్కడ దొరకని ఆకుకూర పేరేదైనా ఉంటే చెప్పండి. కామెంట్లలో మాత్రం రాయకండి. అవి నాన్న గుమ్మంలో కూర్చుని పైకి చదువుతారు.