కంపాస్ పెట్టెలో అప్పం

నా చిన్నప్పుడు మా ఇంట్లో ప్రసాదాన్ని ఎవరూ ఒక్కరే తినేవారు కాదు. మార్కండేయుని గుడికి ఎవరు వెళ్లినా కొబ్బరి ముక్కో, రెండు పటికబెల్లం పలుకులో కొంగున కట్టుకొని ఇంటికి తేవలసిందే. కార్ఖానాలో పవర్‌లూమ్ మీద ఉన్న మా నాయన వంతు, ఆయన వచ్చేదాకా దేవుని గూట్లో ఉండేది. గుడి దగ్గరే నోట్లో వేసుకొని చేతులు దులుపుకొని వచ్చేవాళ్లను మా నాయనమ్మ మనుషుల కిందే జమ కట్టేది కాదు.

మా ఇల్లు షోలాపూర్‌లో, కుంఠా నాకా దగ్గర. గోడకు అటూ ఇటూ మగ్గాలే. ఆ చప్పుడులో పక్కనున్న మనిషి మాటే వినబడదు, ఇక చదువెక్కడ సాగుతుంది? అందుకే నేను చదివే క్యాథలిక్ హైస్కూల్లో లైబ్రరీ చూసే సిస్టర్, మగ్గాల ఇళ్ల నుంచి వచ్చే మా ఏడుగురు ఆడపిల్లలకు బడి విడిచాక సాయంత్రం దాకా లైబ్రరీలో కూర్చునే అనుమతి ఇప్పించింది. ఆమెది గుంటూరు వైపు. ఆ బడిలో మాతో తెలుగు మాట్లాడే పెద్ద మనిషి ఆమె ఒక్కతే.

పదో తరగతి తరువాత నేను కాలేజీ మెట్లు ఎక్కలేదు. నాకు తెలిసినదంతా పుస్తకాల్లోంచి నేను ఏరుకున్నదే. ఈ మాట చెప్పుకోవడం నాకు ఇప్పటికీ ఇష్టం. కానీ ఎనిమిదో తరగతిలో ఉన్నప్పుడే అంతా తెలుసుననుకోవడం నా తప్పు. ఏ మతం వాళ్లు ఎలా పూజ చేస్తారో చెప్పే పుస్తకం ఒకటి ఆ లైబ్రరీలో ఉండేది. క్రైస్తవుల అధ్యాయం సగంలో ఉండగా గంట కొట్టారు. దేవుని పేరు మీద అప్పం పంచుకుంటారన్నంత వరకు చదివాను. అంతే చాలనుకున్నాను.

ఆ శనివారం బడి పండుగ. పొద్దున చర్చిలో పూజ. క్రైస్తవులు కాని మాలాంటి పిల్లలం వెనక బెంచీల మీద కూర్చోవాలి. ఎందుకో మాకు ఎవరూ చెప్పలేదు, మేమూ అడగలేదు. ముందు వరుసల వాళ్లు లేచి లైను కట్టగానే నేనూ లేచి వాళ్ల వెనక నిలబడ్డాను. తీర్థానికి పట్టినట్టు కుడి అరచేయి గుంట చేసి పట్టాను. ముసలి ఫాదర్ గారు నా ముఖం చూడకుండానే కాగితమంత పలుచని తెల్లని అప్పం అందులో పెట్టారు. అందరూ అక్కడే తినేశారు. నాకది మర్యాదగా తోచలేదు. వెనక్కు వచ్చి దాన్ని రుమాలులో చుట్టి, సంచిలో ఉన్న కంపాస్ పెట్టెలో పెట్టాను.

గేటు దాటుతుండగా నా క్లాసమ్మాయి ఒకతె వెనక నుంచి పరుగెత్తుకొచ్చి చెయ్యి పట్టుకుంది. ఆమెది క్రైస్తవ కుటుంబం. నేను చేసింది ఆమె చూసింది. అది దేవుని శరీరమనీ, బయటికి తీసుకుపోవడం అన్నిటికంటే పెద్ద పాపమనీ, రిజిస్టరులోంచి నా పేరు కొట్టేస్తారనీ మరాఠీలో గబగబా చెప్పింది. ఆ చెప్పేటప్పుడు ఆమె పెదవులు తెల్లబడి ఉండడం చూసి నాకు మరింత భయం వేసింది. సిస్టర్‌కు చెప్పడానికి ఆమె లోపలికి తిరిగి పరుగెత్తింది. నేను ఇంటి వైపు పరుగెత్తాను.

రోజూ వచ్చే దారే ఆ రోజు ఎంతకూ తరగలేదు. సంచి ఊగితే అప్పం విరుగుతుందేమోనని రెండు చేతులా పొట్టకు అదుముకున్నాను. పారేయలేను, తినలేను, తిరిగి ఇవ్వడానికి ధైర్యం లేదు. పెట్టెలో కంపాస్ ముల్లు ఉంటుందనీ, అది దేవునికి గుచ్చుకుంటుందేమోననీ గుర్తొచ్చి దారి మధ్యలో ఆగిపోయాను. పెట్టె తెరిచి చూడడానికి కూడా చేతులు రాలేదు.

ఇంట్లో నా ముఖం చూడగానే మా నాయనమ్మ సంచి లాక్కుంది. చర్చిలో పెట్టిన ప్రసాదమని మాత్రం చెప్పగలిగాను, మిగతాది చెప్పలేదు. ఆమె చేతులు కడుక్కొని, రుమాలు విప్పి, అప్పాన్ని ఉతికిన తెల్లగుడ్డ మీద పెట్టి దేవుని గూట్లో దీపం పక్కన ఉంచింది. నాకు అన్నం పెట్టింది. నేను ముట్టలేదు.

అప్పటికి మధ్యాహ్నం కూడా కాలేదు, సిస్టర్ మా గల్లీలోకి వచ్చింది. తెల్లబట్టల మనిషి ఎండలో నడిచి వస్తుంటే అరుగుల మీద బీడీలు చుట్టే ఆడవాళ్ల చేతులు ఆగిపోయాయి. నేను నూలు మూటల వెనక్కు దూరి మోకాళ్లలో తల పెట్టుకున్నాను. పక్కింటి అక్క గొంతు వినబడింది.

"ఏం పెద్దమ్మా, నీ మన్మరాలు ఏం జేసిందో గాని, సిస్టరమ్మే ఇంటిదాంక నడ్సుకుంట వచ్చింది."

నా పేరు కొట్టేశారు, ఇక లైబ్రరీ బల్ల లేదు అనుకున్నాను. సిస్టర్ అరవలేదు. నేను తెచ్చింది ఎక్కడుందని మా నాయనమ్మను మెల్లగా అడిగింది.

"దేవుని గూట్ల వెట్టిన. దీని నాయన ఇంకా రాలే."

"ఎవరూ ముట్టుకోలేదా అమ్మా?"

"ఇంటోళ్లందరు రానిదే ఎట్ల ముడ్తం?"

సిస్టర్ చేతులు కడుక్కోవడానికి నీళ్లు అడిగింది. మూటల సందులోంచి చూశాను. చెంబు పట్టుకున్న ఆమె చెయ్యి వణికి సగం నీళ్లు నేల మీద పడ్డాయి. ఆమె మా దేవుని గూటి ముందు మోకాళ్ల మీద కూర్చుంది, కళ్లు మూసుకుంది, అప్పాన్ని తీసి నోట్లో పెట్టుకుంది. ఆ గుడ్డ మీది పొడిని కూడా వేలికి అద్దుకొని తీసుకుంది. మా నాయనమ్మ నెత్తిన కొంగు కప్పుకొని చేతులు జోడించి నిలబడింది గానీ, చివరికి ఉండబట్టలేకపోయింది.

"గిదేందమ్మా, అందర్ని నిలవెట్టి నువ్వొక్కదానివే తింటివి?"

సిస్టర్‌కు నవ్వు వచ్చింది, కళ్లలో నీళ్లూ వచ్చాయి. "మాకు అది క్రీస్తు శరీరం అమ్మా. ఆ నమ్మకం పుచ్చుకున్నవాళ్లే తీసుకుంటారు. మీ పిల్లకి మేం ముందే చెప్పి ఉండాల్సింది. తప్పు మాది."

"చెప్పొద్దా మరి? పొల్ల వచ్చిన కాడికెల్లి అన్నం ముట్టలే," అంది మా నాయనమ్మ.

అప్పుడు సిస్టర్ మూటల దగ్గరికి వచ్చి, నాకు ఎదురుగా నేల మీద కూర్చుంది. "ఏమనుకుని తెచ్చావమ్మా?" అని అడిగింది. అందరికీ పెడదామని, అన్నాను. ఆమె నా తల మీద చెయ్యి వేసి, సోమవారం లైబ్రరీకి ఎప్పటిలా రమ్మంది. ఆమె వెళ్లాక నాకు ఏడుపు వచ్చింది.

పదో తరగతి పరీక్షల తరువాత ఆమెకు చెప్పి వెళ్దామని పోయినప్పుడు ఆ రోజు మాట వచ్చింది. దాన్ని ఏ మురుగు మోరీలోనో పడేసి ఉంటే, ఎవరి కాలి కిందో నలిగి ఉంటే తాను దేవునికి ఏం చెప్పుకోవాలని, బడి నుంచి మా ఇంటి దాకా ఆమెకు ఒకటే ఆలోచనట. "ఆ రోజు నీకంటే నాకే భయం ఎక్కువ," అంది. చెంబులోంచి ఒలికిన నీళ్లు ఎందుకు ఒలికాయో నాకు అప్పుడు తెలిసింది.

ఇప్పుడు అదే ఊళ్లో, నీలం నగర్‌లో మా ముందుగదిలో చుట్టుపక్కల పిల్లలు కూర్చొని చదువుకుంటారు. ఏదో పాడుచేసి, చెప్పలేక, గోడకు ఆనుకొని నిలబడే పిల్ల ఎప్పుడూ ఒకతె ఉంటుంది. నా గుండె కూడా దడదడలాడుతుంది, నోటి దాకా అరుపు వస్తుంది. ముందు ఆ పిల్లకు ఎదురుగా నేల మీద కూర్చుంటాను. ఆమె భయం ఆమెకు చాలు, నాది కూడా ఆమె మీద వేయను. నా గొంతు నిలకడకు వచ్చాకే, ఏమనుకుని చేశావమ్మా, అని అడుగుతాను.