అంబుజం ఇంటి ఫిల్టర్ నీళ్ళు

“చూడు లోకేశ్వరీ, నీ కళ్ళతో నువ్వే చూడు! మల్లెపూవు మాదిరి ఉండాది. రెండేండ్లు నీళ్ళు వడగట్టిన క్యాండిల్ ఇట్లుంటాదా? ఈ నీళ్ళే గదే ఆ కామెర్ల బిడ్డకు పోసినాను!”

వెనక వీధి నుంచి పలకరించిపోదామని వచ్చిన లోకేశ్వరి ఇంకా గడపలోనే ఉంది. అంబుజం ఫిల్టర్ లోపలి క్యాండిల్‌ని తెచ్చి ఆమె చేతిలో పెట్టింది. కొత్త సున్నం కొట్టిన గోడలా తెల్లగా ఉంది.

కామెర్ల బిడ్డ అంటే పక్కింటి పూంగొడి కూతురు దీపా. నీళ్ళు కాచి తాగించమని డాక్టరు చెబితే, “గ్యాసెందుకు తగలేస్తావు, మా ఫిల్టర్ ఉండాది గదా” అని రోజూ బాటిల్ నింపి పంపుతున్నది అంబుజమే.

వంటింట్లో సింకు కింద తలుపులు బార్లా తీసి ఉన్నాయి. మెకానిక్ తంగవేల్ రెండు అట్టపెట్టెలు నేల మీద పెట్టుకుని, ఎవరి ముఖమూ చూడకుండా కూర్చున్నాడు. పాతదాని పైపు అతుకు కారుతోంది, మార్చి కొత్తది ఎంచుకుందామని పొద్దున అతణ్ణి పిలిపించింది కూడా అంబుజమే.

“ఇంకొకసారి చెప్పప్పా.”

“చెప్పేదానికి ఏముండాదమ్మా? దీంట్లో నీళ్ళే పారలా. సింకు మీద ఉండే ఈ ఫిల్టర్ కొళాయిని ఎవరూ తిప్పలా. మా ఇంట్లో అయితే ఆరు నెలలకే డికాక్షన్ రంగుకు వస్తాది.”

అంబుజం గోరిమేడు పెద్దాసుపత్రిలో ఆయాగా చేసి రిటైరైంది. వాంతులూ విరేచనాలూ ఎత్తిపోసిన చేతులు ఆమెవి. నీళ్ళంటే ఆమెకు భయమూ ఉంది, భక్తీ ఉంది. రిటైరైనప్పుడు వచ్చిన డబ్బుతో గొలుసు చేయించుకోమని అందరూ అంటుంటే ఆమె సింకు కింద ఫిల్టర్ పెట్టించుకుంది. ఇంటికి ఎవరొచ్చినా ముందు లోటా నిండా నీళ్ళు. “ఎట్లుండాయి?” అని అడిగి, బాగున్నాయనే దాకా వదలదు. “తియ్యగా ఉండాయి అత్తా” అని లోకేశ్వరి ఎన్నిసార్లు అన్నదో!

“అయితే ఇన్నాళ్ళూ మనం తాగిందేంది అత్తా?”

అంబుజం పెరటి గుమ్మం వైపు చూసింది. స్నానం చేసి, నామం దిద్దుకుని, ఇత్తడి బిందె భుజాన పెట్టుకుని ఆమె భర్త వరదరాజులు వస్తున్నాడు. ఆ ఇంట్లో తాగే నీళ్ళు పట్టేది ఆయనే. భార్య పొద్దున డ్యూటీకి పరుగెత్తే రోజుల్లో మొదలైన అలవాటది. ఆయన పట్టిన బిందె మీద ఇంకొకరు చెయ్యి పెట్టరు.

“యాడ పట్టినావయ్యా ఆ నీళ్ళు?”

“యాడేంది? పెరట్లో కొళాయి కాడ. ఎప్పుడూ పట్టేకాడే.”

“ఫిల్టర్‌లో పట్టలేదా?”

“ఆ తొట్లోనా!” చేదు మింగినట్టు ముఖం పెట్టాడాయన. “చేపలు కడిగేదీ ఆడే, ఎంగిలి కంచాలు తోమేదీ ఆడే. ఆడ పట్టిన నీళ్ళు నోట్లో ఎట్లా పోసుకునేది? నువ్వు ముచ్చటపడి పెట్టించుకున్నావు. నేనేమన్నా వద్దన్నానా?”

“రెండేండ్లు! ఒక్క మాట చెప్పలేదే!”

“నువ్వు అడగలేదే.”

తంగవేల్‌కు నవ్వొచ్చింది. అంబుజం చూపు తగిలి దాన్ని దగ్గులోకి తిప్పేశాడు.

“దీపాకు పంపినవీ ఈ బిందెలోవేనయ్యా,” అంది అంబుజం. బిందె దించబోయిన వరదరాజులు చేతులు అక్కడే ఆగాయి. ఆ సంగతి ఆయనకు తట్టనే లేదు.

చివరికి తంగవేలే పెట్టెలు ముందుకు జరిపాడు. “ఏది పెట్టేది? కింద పెట్టేదాంట్లో క్యాండిళ్ళు ఎక్కువ. ఇదేమో గోడకు తగిలించేది.”

పొద్దున్నుంచీ అంబుజం మనసు మొదటిదాని మీదే ఉంది. ఇప్పుడు మొగుడి వైపు తిరిగింది. “గోడకు కొడితే దాంట్లో నీళ్ళు పడతావా?”

“యాడ కొడతావు?”

“బియ్యం డబ్బా పైన.”

ఆయన వెళ్ళి, సింకుకూ ఆ గోడకూ మధ్య మూరలు వేసి చూశాడు. “ఇంకొంచెం ఇవతలికి... ఆ, ఈడైతే పడతా.”

“పట్టే మనిషి పట్టనప్పుడు క్యాండిళ్ళు ఎన్నుంటే ఏంది? గోడదే కొట్టప్పా.”

నేల మీద కూర్చున్న అంబుజం పక్కన లోకేశ్వరి చతికిలబడి, క్యాండిల్ తిరిగి ఇచ్చింది. “దీపాకు ఏం కాలేదు గదా అత్తా. నిన్న వాకిట్లో ఆడతానే ఉండింది.”

“ఏం కాకపోవడం నా గొప్పా మే?” అంబుజం క్యాండిల్‌ని ఒళ్ళో పెట్టుకుంది. “కాచే తల్లిని కాచొద్దన్నది నేను. పొద్దున పంపిన బాటిల్ ఇంకా వాళ్ళింట్లోనే ఉంటాది. నువ్వు పో. ఆ నీళ్ళు పారబోయించు. కాచినవే ఇమ్మను. ఫిల్టర్ చెడిపోయిందని కతలు చెప్పబాక, జరిగింది జరిగినట్టు చెప్పు. నేను పోతే పెద్దదాన్నని మొగమాటానికి పర్లేదు అంటాది. నీ దగ్గరయితే నోరు తెరిచి తిడతాది. ఆ తిట్లన్నీ నిలబడి విని, ఒక్కటి కూడా మింగకుండా వచ్చి నాకు చెప్పు. పో మే, ఆ బిడ్డ లేచి మళ్ళా ఆ నీళ్ళు తాగే లోపల పో.”